తలాపున్న జంఖానా

పోయిన వారం మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక జపాను గుడ్డముక్క మీద నాకూ, చరిత్ర చెప్పే సహోద్యోగినికీ పెద్ద వాదన జరిగింది. ఆమె మరిది ఏదో కంపెనీ పని మీద జపాను వెళ్ళి వస్తూ వదినగారికి దాన్ని తెచ్చిపెట్టాడు. బల్ల మీద పరుచుకునేది. మందంగా, గరుగ్గా, నీలాలూ బూడిద రంగులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మధ్యమధ్య ఒక ఎర్ర చార తొంగిచూస్తూ, నిజం చెప్పొద్దూ, ముచ్చటగానే ఉంది. ఆ దేశంలో ఉత్తరాన చలి ఎక్కువట, పత్తి పండదట. పడవల మీద వచ్చే పాత నూలు బట్టలే గతి అట. వాటిని తొడిగి తొడిగి, ఇక ఒంటి మీద నిలవవు అన్నప్పుడు సన్నటి పీలికలుగా చింపి, మగ్గం మీద మళ్ళీ బట్టగా నేస్తారట. ఆ నేతకు సకియోరి అని పేరట. చింపి నేయడం అని అర్థమట. ఇంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. జపాను వాళ్ళ తెలివి జపాను వాళ్ళది. కానీ ఆవిడ అక్కడ ఆగకుండా, మన దేశంలో ఇలాంటి ఆలోచన ఒక్కరికీ రాలేదు చూడండి అన్నది. వచ్చింది, మా గద్వాలలో వచ్చింది అన్నాను నేను. బొంతల సంగతి కాదండీ అన్నది. బొంత అంటే కుట్టడమని, నేయడం కాదని నాకూ తెలుసు, నేనూ బొంతల మీదే పెరిగాను, నేను చెప్పేది మగ్గం సంగతే అన్నాను. అంతలో గంట కొట్టారు. ఆవిడ గెలిచిన ముఖం పెట్టుకుని క్లాసుకు వెళ్ళిపోయింది. సగం వాదన మింగి కూర్చోవడం నా ఒంటికి పడదు. అందుకే ఇది రాస్తున్నాను. రాతలో ఇంకో సుఖం కూడా ఉంది, ఎదుటివాళ్ళు మధ్యలో మాట అందుకోరు.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. మా పొలాలు మానవపాడు వైపు, నల్లరేగడి. ఇల్లు మాత్రం గద్వాలలో, ఎందుకంటే మా నాయినకు సంస్థానం కచేరీలో చిన్న పని ఉండేది. మా వీధిలో మాలాంటి కాపు ఇళ్ళు కొన్ని, మగ్గాల ఇళ్ళు కొన్ని, మొదట్లో దర్జీ ఇల్లు. మా ఇంటికీ పక్క మగ్గం ఇంటికీ నడుమ ఒకటే మట్టి గోడ. అది ఎంత ఎత్తంటే, మా అవ్వ ఒక రాయి మీద నిలబడితే గడ్డం దాకా అవతలికి కనబడేది. ఆ రాయి ఆమె నిలబడీ నిలబడీ నున్నగా అయిపోయింది. గోడ అవతల ఉండే నేతకారును నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, అయినా వీధి కలిపిన వరస అది. ఆ వరస ప్రకారం ఆయన మా అవ్వకు అల్లుడు. అత్తకూ అల్లుడికీ మధ్య ఎకసెక్కాలకు అడ్డేముంది? ఇద్దరూ ఆ హక్కును తెల్లారినప్పటి నుంచీ వాడుకునేవాళ్ళు.

గద్వాల చీర గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెంటినీ మగ్గం మీదనే పోగుకు పోగు కలిపి అతికించే నేర్పు. మామ చేతిలో ఆ అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు. పొద్దున్నే ఆయన నిలువు పోగులను, అదే పడుగును, వీధి పొడుగునా కట్టి గంజి పట్టించేవాడు. అప్పుడు బండ్లు ఆగిపోయేవి, గేదెలు ఆగిపోయేవి, మా అవ్వ మాత్రం ఆగేది కాదు. రాజుగారి సవారీ వచ్చినా ఇంతసేపు దారి మూయరని గోడ మీద నుంచి మొదలుపెట్టేది. రాజుగారు కట్టే బట్ట కూడా ఈ దారినే పోవాలె గదా అత్తమ్మా అని ఆయన కుంచె ఆపకుండానే జవాబు చెప్పేవాడు. ఇదే మాకు సుప్రభాతం.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బట్ట చిరిగింది, పోగు తెగింది అనే మాటలు గడప లోపల ఎవరూ అనకూడదు. పుస్తె తాడు తెగితే పెరిగింది అంటాం కదా, అట్లా వాళ్ళు బట్టకు కూడా పెరిగింది అనేవాళ్ళు. పోగు పెరిగింది, అంచు పెరిగింది, అంతే. పుస్తెకు ఆ మాట అందరికీ తెలుసు. చీరకు కూడా అంటారని మా అవ్వకు తెలియదు. ఒకసారి ఆమె ఉల్లిపొర రంగు చీర ఒకటి నేయమన్నది. మా అవ్వ భారీ మనిషి, ఏ చీర కట్టినా కుచ్చిళ్ళకు చాలలేదని సణిగేది. చీర మగ్గం మీద ఉండగా మామ గోడ దగ్గరికి వచ్చి, మొహం దిగాలుగా పెట్టుకుని, "అత్తమ్మా, నీ చీర జర పెరిగింది" అన్నాడు. మా అవ్వ పొంగిపోయింది. అడగకుండానే పొడుగు పెంచిండు, అల్లుడంటే వీడే అని వీధంతా చెప్పుకొచ్చింది. మేమంతా పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే దర్జీ భార్యకు చెప్పింది, బావి దగ్గర చెప్పింది. చీర ఇంటికొచ్చాక కొలుచుకుంటే ఎప్పటి పొడుగే, పైగా అంచు పక్కన చింతగింజంత అతుకు. ఆ వానకాలమంతా ఆ చీర గొడవతోనే గడిచింది. చివరికి ఆమె ఆ చీర కట్టనే కట్టింది, అతుకు లోపలికి పోయేట్టు. మామ నేసినదాన్ని పక్కన పెట్టేంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

యుద్ధం ముదిరే కొద్దీ నూలు దొరకడం మానేసింది. ముందు సన్న నూలు పోయింది, తరువాత పట్టు పోయింది, చివరికి ముతక నూలు కూడా కంట్రోలు అన్నారు. వీధిలో మగ్గాలు ఒకటొకటిగా మూగపోయాయి. మామ మగ్గం అందరికన్నా చివర ఆగింది. ఆ ఆగిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఎందుకంటే మా అవ్వ ఆరోజు నిద్రపోలేదు. అన్నం తిన్నాక గోడ వారగా కొంగు పరుచుకుని పడుకోవడం, అవతలి నుంచి మగ్గం టకటకలాడుతుంటే ఈ చప్పుడులో మనిషన్నవాడు పండుకుంటడా అని తిట్టడం, ఆ తిట్టు పూర్తికాకుండానే గురక పెట్టడం ఆమెకు అలవాటు. ఆరోజు ఇటు దొర్లింది, అటు దొర్లింది, ఈగలను తిట్టింది, నన్ను తిట్టింది. చివరికి లేచి కూర్చుని, ఊరు సచ్చినట్టున్నది అన్నది. మా అవ్వకు అల్లుడి మీద ప్రేమ పుట్టుకొచ్చి సాయం చేసిందని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. ఆమెకు మధ్యాహ్నం నిద్ర కావాలి, పొద్దున్నే వాదనకు మనిషి కావాలి. ఆ రెండూ షోలాపూరుకు పోయేటట్టున్నాయి.

షోలాపూరు సంగతి అట్లా వచ్చింది. మామ తమ్ముడు అక్కడి మిల్లులో పనిచేసేవాడు. మిల్లులో నూలుకు కరువు లేదు, వచ్చేయండి, పంటలయ్యాక నేనే వచ్చి తీసుకుపోతాను అని కబురు పంపాడు. రాయచూరు దాకా బండి, అక్కణ్ణుంచి రైలు. మామ సరేనన్నాడు. మిల్లుకు గుంట మగ్గం ఎందుకు? దాన్ని పీకి కర్రలు అమ్మేసి, నేలలో గుంట పూడ్చేసి పోవాలి. అత్తకు మాత్రం ఇష్టం లేదు. ఆమె వనపర్తి పిల్ల, పెద్దవాళ్ళ ముందు నోరు విప్పేది కాదు, మా అవ్వ ముందైతే అసలే కాదు. కానీ మా అమ్మ దగ్గర విసుర్రాయి పక్కన కూర్చుని ఒకరోజు చెప్పుకున్నది. "ఈడ ఆయన నేస్తుంటే నేను కండెలు చుట్టిస్త వదినా, ఇద్దరిది ఒక్క పని. ఆడ ఆయన మిల్లుకు పోతే నేనేం జెయ్యాలె? గోడలు జూసుకుంట కూసోవాల్నా?" ఈ మాటలో ఎంత ఉందో అప్పుడు నాకు తెలియలేదు. ఉద్యోగం చేసి ఇంటికొచ్చాక ఇప్పుడు తెలుస్తుంది.

మా అమ్మ ఆ మాట అవ్వ చెవిన వేసింది. మర్నాడు పొద్దున అవ్వ రాయెక్కింది. నేను గోడలోని కంత దగ్గర చూపు ఆనించి నిలబడ్డాను, ఆ కంత నాది. అవ్వ నూలు లేకపోతే ఉన్నదే నెయ్యమన్నది. ఏమున్నది నెయ్యనీకి, గాలి నెయ్యాల్నా అన్నాడు మామ. ఊరు నిండా పాత బట్ట లేదా, చింపి పీలికలు చేసి అడ్డం పోగుగా వెయ్యమన్నది. మామ రెండు చెవులూ మూసుకున్నాడు.

"మగ్గమున్న ఇంట్ల ఆ మాటనే అనం అత్తమ్మా. గసుంటిది మగ్గమెక్కిస్తే మా తాత గుంతలకెల్లి లేసొస్తడు."

"లేసొస్తే రానియ్యి, కూలి లేకుంట నేస్తడు. నేనొకటి అడుగుత చెప్పు. మీ ఇంట్ల ఎన్నడన్న బట్ట చినిగిందా?"

"చినగదు. మగ్గాల ఇంట్ల బట్ట చినగదు."

"మరేమైతది?"

మామకు ఎక్కడికి నడిపిస్తున్నదో ఆలస్యంగా అర్థమైంది. అప్పటికే నోరు తెరిచేశాడు. పెరుగుతది అన్నాడు.

"గట్ల చెప్పు. నేను పెరిగిన బట్టనే తెస్త. నా చీర పెరిగిందని మురిపించినోనివి, ఊరోళ్ళ బట్టలు పెరిగితే నెయ్యనీకి నీకేం నొప్పి? పెరిగిన బట్ట నెయ్యొద్దని మీ తాత చెప్పిండా?"

తలుపు వెనక నుంచి ఒక నవ్వు వినబడింది. అత్త నవ్వు. అంతకు ముందు మేమెవరమూ దాన్ని వినలేదు, మామ కూడా వెనక్కి తిరిగి చూశాడు. భార్య నవ్వినాక ఏ మగవాడైనా ఎంతసేపు బిగుసుకుని ఉంటాడు? మగ్గం పీకే పని తమ్ముడు వచ్చేదాకా ఆగుతుంది, అంతవరకు ఒక్కటి నేసి చూస్తాను, అది కూడా అత్తమ్మ నోటికి జడిసి అని ఒప్పుకున్నాడు.

పీలికలు అడ్డానికి సరే, నిలువు పోగులు కావాలి కదా. అందుకు అటక మీద ఉన్న రాట్నాలు దిగాయి. మా ఇంట్లో పత్తికి కొదవ లేదు. అవ్వ, అమ్మ, దర్జీ ఇంటి ఖాలా కూర్చుని వడికారు. అలవాటు తప్పిన చేతులు, పోగు ఒకచోట వెంట్రుకలా, ఒకచోట చిటికెన వేలులా వచ్చేది. మామ దాన్ని రెండు వేళ్ళతో ఎలకను పట్టుకున్నట్టు పట్టుకుని, ఇది నూలా నులకనా అని అడిగాడు. ఖాలా ఊరుకునే మనిషి కాదు. ముందు నువ్వు నెయ్యి బాబూ, తర్వాత మంచానికి కట్టుకుందువు అన్నది.

బట్టలు వచ్చాయి. ఆ కరువులో ఒంటికి పనికొచ్చేది ఎవరు ఇస్తారు? వచ్చినవన్నీ నిజంగానే పెరిగినవి. మోకాళ్ళు పోయిన ధోవతులు, కుచ్చిళ్ళ దగ్గర జల్లెడ అయిన చీరలు, ఖాలా తెచ్చిన దర్జీ కత్తిరింపులు, వాటిలో ఖాకీ ముక్కలు, పూల ముక్కలు. మా వసారాలో కుప్ప పడ్డాయి. ఆ కుప్ప వాసన నాకు ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. ఆముదం, పొయ్యి పొగ, ఎండిన చెమట, ఎక్కడో పెట్టె అడుగున దాచిన చీరదైతే కర్పూరం. మగ్గం ఇంటి గడప లోపల చింపకూడదు కాబట్టి ఆ పని మా ఇంట్లో. పిల్లలందరికీ పండగ. కొత్త బట్ట చింపితే వీపు మీద పడే రోజుల్లో, చింపు చింపు అని పెద్దవాళ్ళే అంటుంటే ఎట్లా ఉంటుంది చెప్పండి. దానికొక పద్ధతి ఉండేది. ఒక అంచు నుంచి చింపుకుంటూ పోయి అవతలి అంచు ఇంకో వేలెడు ఉండగా ఆపాలి. మళ్ళీ ఆ వైపు నుంచి ఇటు చింపుకు రావాలి, ఇక్కడా వేలెడు ఉంచాలి. అట్లా అటూ ఇటూ పోతే బట్ట ముక్కలు కాకుండా పాములా ఒకటే పీలిక అవుతుంది. ఒక చీర చింపి ఆ కొస ఒకరు పట్టుకుని నడిస్తే మా వాకిలి దాటి, వీధి దాటి, దర్జీ ఇంటి దాకా పోయినా చీర అయిపోలేదు. అవ్వ రాయెక్కి మామను పిలిచి చూపించింది. చూసుకో, పెరిగిందా లేదా అన్నది. ఆయన తల గోక్కున్నాడు. మాట కప్పిపుచ్చడానికి పుట్టింది కాస్తా మా వీధిలో నిజమై కూర్చున్నది.

నేత మొదలైంది. పీలిక లావు కాబట్టి అడ్డం పోగును అటూ ఇటూ మోసే నాడెలో పట్టదు. కట్టె ముక్కకు కండెలా చుట్టి చేత్తో దూర్చాలి. నాడె లేని నేత నేస్తున్నా, నన్ను ఎవరూ చూడకండి అని మామ కిటికీకి గోనె కట్టించాడు. పాత టకటకలు లేవు, ఒక్కొక్క దెబ్బ ధన్ ధన్ మని పడేది, గోడకు ఆనుకున్న మా కుండలు గలగలమనేవి. అవ్వకు మధ్యాహ్నం నిద్ర తిరిగి వచ్చింది. ఆ మాటకొస్తే తిట్లు కూడా పెరిగాయి. ఇవి ఏ అర్థంలో పెరిగాయో మీ ఇష్టం.

పడుకోవడానికి కింద పరుచుకునే మొదటి జంఖానా మగ్గం దిగిన రోజు మా వసారాలో పరిచారు. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. అంత అందంగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పాత రంగులు ఒకదాని పక్కన ఒకటి పడేసరికి కొత్తవాటికి లేని పెద్దరికం వచ్చింది. ఎవరి బట్ట వాళ్ళు వెతుక్కోవడం మొదలైంది. ఇది నా పెళ్ళినాటిది, ఇది మా పెద్దోని అంగీ, ఇది ఖాలా కత్తిరింపు అని వేళ్ళు పెట్టి చూపించుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మా తాత పొలం నుంచి వచ్చాడు. తాత తక్కువ మాటల మనిషి. కాళ్ళు కడుక్కుని వచ్చి జంఖానా మీద కూర్చోబోయి, వంగి, నడుమ ఉన్న ఒక ఎర్ర చారను చేత్తో తడిమి చూశాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఏమే, ఇది నా రుమాలు గదా. నా నెత్తి మీద నేనే కూసోవాల్నా?"

 మా దిక్కు తలకు చుట్టుకునే రుమాలంటే తలతో సమానం. దాన్ని కాలితో తాకితే కళ్ళకద్దుకుంటారు. మొగుడి రుమాలు మీద ఆడది కాలు పెట్టడమనే ఊహే ఎవరికీ రాదు. మా అవ్వ పీలికల మోజులో తాత పాత రుమాలు కూడా కుప్పలో పడేసింది. ఆమె ఒక్కతే కాదు. రుమాలు పొడుగు, మెత్తన, దానంత హాయిగా చిరిగే బట్ట ఇంకోటి లేదు కాబట్టి వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఒక రుమాలు వచ్చింది. ఎర్రవి, తెల్లవి, కాషాయం కొట్టినవి. ఆ జంఖానా నిండా వీధిలోని మగవాళ్ళ తలకాయలే. నిలబడ్డ ఆడవాళ్ళంతా ఒక్కో అడుగు వెనక్కి వేశారు. ఖాలా కింద పరచడమెందుకు, మీద కప్పుకోండి అన్నది. ఆ బరువు మీద వేస్తే మనిషి తెల్లారి లేవడని ఎవరో అన్నారు. అవ్వ తప్పు తనదని ఒప్పుకోలేదు, అది ఆమె చరిత్రలో లేదు. రుమాలు పాతదైతే రుమాలు కాదని వాదించబోయింది. తాత ఆమె వైపు చూశాడు, ఆమె మాట అక్కడే ఆగింది. నేను చూసినంతలో ఆ ఒక్కసారే.

మామ ముందుకు వచ్చాడు. జంఖానాను చుట్టి భుజాన వేసుకున్నాడు. తొక్కనిది జంఖానా ఎట్లయితది అత్తమ్మా, తమ్ముడు రానీ, పోతం అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ఊరికే అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పుడు అత్త మాట్లాడింది. మా అవ్వ ముందు, మా తాత ముందు, ఇంతమంది ముందు. చీర చెంగు పళ్ళ మధ్య నుంచి తీసి మరీ మాట్లాడింది.

"ఇన్నేండ్లు చీరలు నేసినం. కొంగు యాడుండాల్నో తెల్వకుంటనే నేసినమా? దీనికి గూడ ఒక తలాపు పెడ్దం. నెత్తికి చుట్టినవి తలాపుకు. కాళ్ళకు తాకినవి కాళ్ళ దిక్కుకు."

 ఎంత సులువైన మాటో తలకెక్కడానికి అందరికీ కొంచెంసేపు పట్టింది. మంచానికి తలాపు ఉంది, చీరకు కొంగు ఉంది, మనిషికి తల ఉంది. జంఖానాకు ఎందుకు ఉండకూడదు? తాత గొంతు సవరించుకుని, పిల్ల సరిగ్గ చెప్పింది అన్నాడు. అవ్వ అప్పుడే అందుకుని, నేను గూడ గదే చెప్పబోతున్న అన్నది. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు కూడా.

జంఖానాను విప్పారు. మళ్ళీ పీలికలు వేరుచేశారు. అసలు గొడవ అప్పుడు మొదలైంది, నా చిన్నతనంలో అంత నవ్విన రోజులు మళ్ళీ లేవు. ఏ బట్ట ఎక్కడ? రుమాళ్ళు తలాపుకు, సరే. భుజం మీది తువాలు రుమాలుకు కిందనా, పక్కనా? పైట కొంగు తలాపు వైపు పోవాలని ఆడవాళ్ళు, నడుముకు పోవాలని మామ. ఖాలా తన ఓఢ్నీ తెచ్చి, ఇది కూడా తల మీదిదే, మీ రుమాళ్ళ పక్కనే పడాలి, ఒక్క వేలు కిందికి జరిగినా నేను ఒప్పుకోను అన్నది. పడింది. చిన్నపిల్లల గోచిగుడ్డలు ఎక్కడ వెయ్యాలన్న దాని మీద మా అమ్మకూ మామకూ ఒక పూటంతా తెగలేదు. పసిపిల్లలను ఎత్తుకుంటే తల దగ్గరికే వస్తారు కదా అని మా అమ్మ, ఎత్తుకున్నప్పుడు వాళ్ళేం చేస్తారో కూడా గుర్తుపెట్టుకో చెల్లెమ్మా అని మామ. చివరికి అవి కాళ్ళ దిక్కుకే పోయాయి. అట్లా తయారైన రెండో జంఖానాను పరిస్తే మనిషి పడుకున్నట్టే ఉంది. పైన రుమాళ్ళ ఎరుపూ తెలుపూ, తరువాత తువాళ్ళు, నడుమ రవికెలూ అంగీలూ, కింద చీరల కుచ్చిళ్ళు, ధోవతులు. మామకు కూడా పౌరుషం ఎక్కింది. తలాపుకూ ఒంటికీ నడుమ పట్టు కొంగు అతికించినంత శ్రద్ధగా అతుకు కలిపాడు. ఎవరూ అడగకుండానే కిటికీకి కట్టిన గోనె విప్పేశాడు.

మాట పాకింది. వడ్డేపల్లి వైపు నుంచి సంతకొచ్చే బండ్లు చింకిబట్టల మూటలు తెచ్చి దించేవి, దాంతోపాటు జొన్నలు. వాళ్ళ బట్ట వాళ్ళకే జంఖానాగా తిరిగి వెళ్ళేది, జొన్నలు మామ ఇంట్లో మిగిలేవి. మా చిన్నమ్మ ఒకటి లింగాలకు అత్తగారింటికి పట్టుకుపోయింది. అక్కడ ఒక పెళ్ళిలో తెలియక ఎవరో తలాపు గుమ్మం వైపు పెట్టి పరిస్తే, వచ్చినవాళ్ళందరి కాళ్ళూ మా వీధి మగవాళ్ళ తలల మీద పడుతున్నాయని ఆమె పెళ్ళివారి ముందే లేచి తిప్పి పరిచిందట. ఎక్కడ పరిచినా తలాపు ఎటు దిక్కు అని అడగడం జనానికి అలవాటైంది.

అయినా మామ మనసు కుదురుగా లేదు. జొన్నలు తింటున్నాడు గానీ, తాను చేసేది నేత అని ఆయనకు పూర్తిగా నమ్మకం కలగలేదు. పంటలయ్యాక తమ్ముడు వచ్చాడు. మిల్లు బట్ట కోటు, చేతిలో తోలు పెట్టె, మాటకు ముందొక మరాఠీ ముక్క. నూలు గుట్టలుగా ఉంటుందన్నాడు, కరెంటు దీపాలన్నాడు, ఈ చింకిగుడ్డలు నేసుకుంటూ ఎన్నాళ్ళు అన్నాడు. ఆ చివరి మాట సూటిగా తగిలింది. యుద్ధం ఎన్నడు అయిపోయేనో, నూలు మళ్ళీ ఎన్నడు వచ్చేనో, పోయిరావడమే నయమని మామ ఆ పూటే తేల్చేశాడు. బండి మాట్లాడారు. అవ్వ రాయెక్కింది, వాదించింది, తన వరస తీసింది, నువ్వు నా అల్లుడివైతే అది నా బిడ్డ, నా బిడ్డను నేను పంపనన్నది. మామ మొదటిసారి ఆమెకు ఎదురు చెప్పలేదు. అవ్వకు దానికే భయమేసింది. కిందికి దిగి మా అమ్మతో, వాడు నిజంగనే పోతుండే అన్నది.

మర్నాడు పొద్దున బండి వచ్చి వాకిట్లో నిలబడింది. మేమంతా గోడ ఇవతల ఉండలేక వాళ్ళ ఇంట్లోనే ఉన్నాం. సామాను నడి ఇంట్లో కుప్పగా పెట్టి ఉంది, మగ్గం పీకే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఆ ఇంట్లో ఒక పెద్ద మూట బట్ట ఉండేది, మందపాటి నీలిగుడ్డ. మామ తండ్రి చీరలు మూటగట్టి కోమట్ల ఇళ్ళకు మోసుకుపోయింది అందులోనే. ఊరు దాటి ఎటు పోయినా ఆ ఇంటి సామాను ఆ బట్టలోనే కట్టేవాళ్ళు. మామ అటక చూశాడు, పెట్టె చూశాడు, దండెం చూశాడు.

"మూట బట్ట యాడున్నదే?"

అత్త మగ్గం పక్కన నేల మీద కూర్చుని కండె చుట్టుకుంటూ ఉంది. తల ఎత్తలేదు.

"కాళ్ళ దిక్కు చూడు."

మామ మగ్గం దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. సగం నేసిన జంఖానా, ఆమె నిన్న తనకు అందిస్తుంటే తాను చూడకుండా నేసుకుపోయినది. కాళ్ళ దిక్కున నీలం, చేతి వెడల్పున, ఇంకా వెడల్పున, దెబ్బ వేసే పలక కింద దాకా నీలం. మిగిలింది ఆమె ఒడిలో ఉండలా చుట్టి ఉంది. ఆమె చేతిలో తిరుగుతున్నది కూడా అదే. తమ్ముడు ఏమైంది వహినీ అని వదినను అడిగాడు.  మామ కాసేపు ఆ నీలాన్ని అరచేత్తో నిమిరాడు. తన తండ్రి మూటను తానే, తన చేతులతోనే, పోగు తప్పకుండా నేసేశాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని మా అవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని గుంటలోకి కాళ్ళు దింపి కూర్చున్నాడు. ఇది సగంల ఉన్నది తమ్ముడా, ఇడిసిపెట్టి ఎట్లొస్త అన్నాడు. అత్త కండె అందించింది. ధన్ మని దెబ్బ పడింది.

తమ్ముడు జొన్నరొట్టె తిని, వదిన చేసిన పుంటికూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వేయించుకుని, ఒక జంఖానా బండిలో వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. యుద్ధం అయిపోయాక మెల్లమెల్లగా నూలు వచ్చింది, తరువాత పట్టు వచ్చింది, మామ చీరలకు తిరిగాడు. జంఖానాలు ఆగిపోయాయి. నేను చదువులకని హైదరాబాదు వచ్చాను. మా సహోద్యోగిని అడిగితే చూపించడానికి ఇప్పుడు నా దగ్గర ఒక్క పీలిక కూడా లేదు, అందువల్ల ఆవిడ నన్ను నమ్మకపోవచ్చు. నమ్మకపోతే ఆమెకే నష్టం. గడిచిన కాలం వెనక ఎక్కడో ఉండిపోతుందని జనం అంటారు. నాకు మాత్రం అది కాళ్ళ దిక్కున పరిచి ఉన్నట్టే ఉంటుంది, చలి పుట్టినప్పుడల్లా పైకి లాక్కుంటాను.